రేషియో 26, పదహారు రోజులకు 214: పాత బీపీ ఉన్న గర్భిణిలో ప్రీఎక్లాంప్సియా రక్తపరీక్ష

ప్రీఎక్లాంప్సియా అంటే గర్భంలో బీపీ పెరిగి కిడ్నీ, లివర్ లాంటి అవయవాలను దెబ్బతీసే జబ్బు. ఇక్కడ రేషియో అంటే మాయ నుంచి రక్తంలోకి వచ్చే రెండు ప్రొటీన్ల, ఎస్-ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్‌ల, నిష్పత్తి. ఈ కేసులో పరీక్ష తప్పు చెప్పలేదు. రెండుసార్లూ సరిగ్గానే చెప్పింది. మొదటి జవాబును ఎన్ని రోజులు నమ్మారన్న దగ్గరే తేడా వచ్చింది. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాం. వారాలు, మోతాదులు, ల్యాబ్ అంకెలు మాత్రం ఉంచాం, అవి లేకపోతే ఈ కేసు రాసీ లాభం లేదు.

నేపథ్యం

ముప్పై దాటిన స్త్రీ, రెండో కాన్పు. మొదటి కాన్పులో 36వ వారంలో బీపీ పెరిగి, ముఖం కూడా వాచి, సిజేరియన్ చేయాల్సి వచ్చింది. బిడ్డ బరువు 2.1 కిలోలు. కాన్పయిన పన్నెండు వారాల్లోపు దిగాల్సిన బీపీ దిగలేదు. అంటే ఈసారి గర్భం పాత బీపీ మీద వచ్చింది. లాబెటలాల్ అనే బీపీ మందు 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వాడుతోంది.

పేరు నమోదు చేయించుకునేసరికి 17 వారాలు దాటాయి. 11 నుంచి 14 వారాల మధ్య బీపీ సగటు, గర్భాశయ ధమని డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్), పీఎల్‌జీఎఫ్ కలిపి చేసే ముందస్తు అంచనాకు అదను పోయింది. ఆస్పిరిన్ రాత్రిపూట 150 మిల్లీగ్రాములు అప్పుడే మొదలైంది. దాన్ని 16 వారాల్లోపు మొదలుపెట్టాలన్నది మామూలు నియమం. 2017లో వచ్చిన ఆస్ప్రే ట్రయల్‌లో, ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఇదే మోతాదు ఇస్తే 37 వారాల్లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. అయితే అదే ట్రయల్‌లో పాత బీపీ ఉన్నవాళ్లను విడదీసి చూస్తే ఆ మేలు కనబడలేదు. అయినా ఇచ్చాం. ఖర్చు తక్కువ, నష్టం తక్కువ. కాకపోతే ఆస్పిరిన్ వేసుకుంటోంది కదా అని ఈమెను తక్కువ ముప్పు జాబితాలోకి జరపలేదు.

17వ వారంలో చేసిన ఒక పని మాత్రం చివరిదాకా అక్కరకొచ్చింది. బీపీ మందుల మీదున్న గర్భిణికి మొదటి విజిట్‌లోనే మొదటి లెక్కలు తీసి పెట్టుకోవాలి. ఈమెవి: కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.6, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, లివర్ సంగతి చెప్పే ఎస్‌జీపీటీ 22, మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ 0.12. తర్వాత ప్లేట్‌లెట్లు 1.6 లక్షలకు వచ్చినప్పుడు రిపోర్టు మీద ‘నార్మల్’ అనే ఉంటుంది. 2.4 నుంచి పడ్డాయని తెలిసినవాళ్లకే అది పడిపోవడం.

22వ వారం టిఫా స్కాన్‌లో బిడ్డ అవయవాలు బాగున్నాయి. గర్భాశయ ధమనుల డాప్లర్‌లో రెండు వైపులా నాచ్, అంటే రక్తం సాఫీగా పారడం లేదని చూపే గాటు, ఉంది. మాయ సరిగా పాతుకోలేదన్న అనుమానం అక్కడే మొదలైంది.

ఏ సమస్యతో వచ్చింది

29 వారాల 2 రోజులప్పుడు సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం చూస్తే బీపీ 148/96. ఏరియా ఆసుపత్రిలో 154/98. మూత్రంలో ముంచి చూసే పట్టీ, డిప్‌స్టిక్‌లో ప్రొటీన్ ఒక ప్లస్. ముందు రోజు రాత్రి తలనొప్పి వచ్చి పారాసిటమాల్‌తో తగ్గింది. ‘ప్రీఎక్లాంప్సియా అనుమానం’ అని రాసి జిల్లా స్థాయి ఆసుపత్రికి పంపారు.

మొదట బీపీ సంగతే తేల్చాలి. చేయి చుట్టుకొలత 34 సెంటీమీటర్లు. మామూలు పెద్దల కఫ్ 32 వరకే. చిన్న కఫ్ కడితే అంకె ఎక్కువ చూపుతుంది. వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, పెద్ద కఫ్‌తో చూస్తే 144/92. నాలుగు గంటల తర్వాత మళ్లీ 146/94. పెరిగిన మాట నిజమే, పంపిన అంకె అంత కాదు.

తర్వాత మూత్రం. ఎండాకాలం, పొద్దుటి నుంచి బస్సుల్లో, నీళ్లు సరిగా తాగలేదు. చిక్కటి మూత్రం ఒక ప్లస్ చూపడం రోజూ చూసేదే. తెల్లబట్ట కలిసినా అంతే. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలి పట్టిన మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ 0.21. ఎక్కువ అనడానికి గీత 0.3. 17వ వారంలో 0.12 కాబట్టి పెరిగింది, గీత దాటలేదు. ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు, మరో లివర్ పరీక్ష ఎస్‌జీఓటీ 28, క్రియాటినిన్ 0.7. స్కాన్‌లో బిడ్డ అంచనా బరువు 1,240 గ్రాములు, పదో పర్సంటైల్‌కు (ఆ వారపు వంద మంది బిడ్డల్లో అతి చిన్న పదిమందిని వేరుచేసే గీతకు) పైనే. బొడ్డు ధమని డాప్లర్ మామూలే.

కొత్తగా బీపీ వచ్చిన గర్భిణి అయితే ఇంత చర్చ అక్కర్లేదు. పాత బీపీ ఉన్నవాళ్లకు 28వ వారం దాటాక బీపీ మళ్లీ పెరగడం మామూలు. అది పాత జబ్బే ముదరడమా, దాని మీద ప్రీఎక్లాంప్సియా ఎక్కడమా అన్నది బీపీ, మూత్రం, లివర్ పరీక్షలు కలిపినా తేలని రోజులుంటాయి. ఇది అలాంటి రోజు. అడ్మిట్ చేస్తే వారాల తరబడి మంచం. ఇంటికి పంపితే ఊరు 60 కిలోమీటర్ల పైన, చివరి ఆరు కిలోమీటర్లకు బస్సు లేదు. అందుకే రక్తంలో ఎస్-ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ రేషియో చేయాలనుకున్నాం.

ఆ రేషియో దేన్ని కొలుస్తుంది

మాయ సరిగా పాతుకోనప్పుడు గర్భాశయపు మెలిక ధమనులు వెడల్పు కావు. రక్తం చాలని మాయ ఎస్-ఫ్లిట్-1 అనే ప్రొటీన్‌ను రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. అసలు ఫ్లిట్-1 రక్తనాళం లోపలి పొరకు అతుక్కుని ఉండే గ్రాహకం. అతుక్కునే తోక లేని ముక్కే ఎస్-ఫ్లిట్. అది రక్తంలో తిరుగుతూ, నాళాల పొరను బాగా ఉంచే పీఎల్‌జీఎఫ్, వీఈజీఎఫ్‌లను దారిలోనే పట్టేసుకుంటుంది. పొర దెబ్బతింటే బీపీ పెరుగుతుంది, కిడ్నీ వడపోత నుంచి ప్రొటీన్ కారుతుంది, లివర్ వాస్తుంది. 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం చూలు ఎలుకల్లో ఎస్-ఫ్లిట్‌ను పెంచితే బీపీ, మూత్రంలో ప్రొటీన్, కిడ్నీ వడపోత కణాల్లో ప్రీఎక్లాంప్సియా తరహా మార్పు మూడూ వచ్చాయి. ఎస్-ఫ్లిట్ పెరగడం, పీఎల్‌జీఎఫ్ తగ్గడం జబ్బు బయటపడటానికి వారాల ముందే మొదలవుతాయి. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పాత బీపీ ఒక్కటే ముదిరితే ఈ రేషియో అంతగా కదలదు. ఈమెకు ఇదే ఎంచుకోవడానికి కారణం ఇదొక్కటే.

రక్తం తీయడానికి ముందే కేస్ షీట్‌లో మూడు లైన్లు రాసి పెట్టాం. 38 లేదా తక్కువైతే మందు పెంచి ఇంటికి, వారంలో తప్పనిసరిగా చూడాలి. 38 దాటి 85 లోపు అయితే ఆసుపత్రిలోనే ఉంచి వారానికి రెండుసార్లు రక్తపరీక్షలు. 85 దాటితే బిడ్డ ఊపిరితిత్తులు ఎదగడానికి తల్లికిచ్చే స్టెరాయిడ్, ఎన్ఐసీయూ (పసికందుల ఐసీయూ) ఉన్నచోటికి రిఫర్. 34 వారాలకు ముందు ప్రీఎక్లాంప్సియా ఉందనడానికి, ఈ రేషియో కొలిచే యంత్రాల్లో ఒకటైన ఎలెక్సిస్ పద్ధతిలో గీత 85. 34 వారాల నుంచి 110. జవాబు వచ్చాక ఏం చేయాలో ముందే రాయకపోతే, వచ్చిన అంకెను అప్పటికే మనసులో ఉన్న నిర్ణయానికి సాక్ష్యంగా వాడుకోవడం చాలా తేలిక.

ఏం ప్రయత్నించాం, ఎక్కడ దెబ్బతిన్నాం

మొదటి నమూనా తిరిగొచ్చింది. వార్డులో సీబీపీతో పాటే లావెండర్ మూత ట్యూబులో, అంటే ఈడీటీఏలో, తీసి పంపారు. ఎలెక్సిస్ పద్ధతికి సీరమ్ కావాలి: ఎర్ర మూత, లేదా జెల్ ఉన్న పసుపు మూత. ట్రయాజ్ అనే చిన్న యంత్రంలో పీఎల్‌జీఎఫ్ ఒక్కటే చూస్తే దానికి ఈడీటీఏ ప్లాస్మానే కావాలి. రిక్వెస్ట్ ఫారం మీద పరీక్ష పేరు ఒక్కటే ఉంటుంది, యంత్రం పేరు ఉండదు. నమూనా తీసే ముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి ‘ఏ యంత్రం, ఏ ట్యూబ్’ అని అడిగితే రెండు నిమిషాల పని. అడగక రెండు రోజులు పోయాయి.

ఆ తిరస్కరణ వల్ల ఒక మేలు కూడా జరిగింది. రెండోసారి తీసేటప్పుడు వాడే మందులన్నీ సంచీలోంచి తీయించి చూస్తే, జుట్టు రాలుతోందని మెడికల్ షాపులో కొన్న బయోటిన్ 10 మిల్లీగ్రాముల బిళ్లలు బయటపడ్డాయి. ఎలెక్సిస్ పరీక్ష బయోటిన్, దాన్ని పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ జత మీదే నడుస్తుంది. రోజుకు 5 మిల్లీగ్రాములు మించి వాడేవాళ్లకు చివరి మోతాదు తర్వాత కనీసం 8 గంటలు ఆగి తీయాలి. లేకపోతే రెండు ప్రొటీన్లూ తక్కువగా కనబడవచ్చు, రేషియో ఎటు ఒరుగుతుందో చెప్పలేం. బిళ్ల ఆపించి మర్నాడు ఉదయం తీశాం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు వాడుతోందా అని కూడా అడిగాం, లేదు. అది రక్తంలో ఎస్-ఫ్లిట్‌ను పెంచుతుంది.

29 వారాల 5 రోజులకు ఫలితం వచ్చింది. ఎస్-ఫ్లిట్-1: 2,990. పీఎల్‌జీఎఫ్: 115. రెండూ మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో. రేషియో 26.

38 లోపే. ముందే రాసుకున్న ప్రకారం ఇంటికి పంపవచ్చు. లాబెటలాల్ 200 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లకు పెంచి, 140/90 లోపు ఉంచాలని లక్ష్యం పెట్టాం. పాత బీపీ ఉన్న గర్భిణుల్లో ఆ లక్ష్యం తల్లికీ బిడ్డకూ మేలని, బిడ్డ ఎదుగుదల తగ్గదని 2022లో చాప్ ట్రయల్ చూపింది. పదేళ్ల కిందటైతే ఇంత దింపడానికి చాలామంది జంకేవాళ్లు.

డిశ్చార్జి కాగితం మీద ఒక వాక్యం పడింది: ‘రేషియో 26. ప్రీఎక్లాంప్సియా లేదు.’ రెండు ముక్కలూ ఆ రోజుకు నిజమే. అదే ఈ కేసులో అసలు పొరపాటు.

38 అన్న గీత 2016లో వచ్చిన ప్రోగ్నోసిస్ అధ్యయనానిది. 24 వారాల నుంచి 36 వారాల 6 రోజుల మధ్య, జబ్బు అనుమానం ఉన్నవాళ్లలో చేసింది. రేషియో 38 లేదా తక్కువైతే వచ్చే ఒక్క వారంలో ప్రీఎక్లాంప్సియా రాదని 99.3 శాతం ధీమాగా చెప్పొచ్చని తేల్చారు. ఒక్క వారం. ఆ మాట డిశ్చార్జి కాగితం మీద లేదు. పైగా ఆ 99.3 శాతం, వారంలో జబ్బు వచ్చేవాళ్లు బాగా తక్కువున్న గుంపులోంచి వచ్చిన లెక్క. మొదటి కాన్పులో బీపీ, ఇప్పుడు పాత బీపీ, రెండు వైపులా నాచ్ ఉన్న మనిషికి ఆ ధీమా కొంత తగ్గించుకోవాలి.

ఇంకో సంగతి అప్పుడు కళ్ల ముందే ఉండి కూడా ఆనలేదు. 29వ వారంలో మామూలు గర్భాల్లో రేషియో ఎక్కువగా పదిలోపే ఉంటుంది. 26కూ 4కూ రిపోర్టు ఒకే ముద్ర వేస్తుంది: ‘38 లోపు’. పీఎల్‌జీఎఫ్ కూడా ఆ వారాల్లో అత్యధికంగా, వందల్లో, ఉండాల్సింది 115 దగ్గర ఉంది. గీతకు ఇవతల ఉండటం వేరు, గీతకు దూరంగా ఉండటం వేరు.

వారంలో రావాల్సిన మనిషి రాలేదు. గుర్తు చేయడానికి వెళ్లిన ఏఎన్ఎంకు అత్తగారు కాగితం చూపించింది: ‘పెద్దాసుపత్రిలోనే లేదని రాసిచ్చారమ్మా, వేల రూపాయలు పెట్టి టెస్టు కూడా చేయించాం, మళ్లీ దేనికి?’ ఏఎన్ఎం దగ్గర దానికి జవాబు లేదు. ఆమె చేతిలో ఉన్న కాగితమూ అదే చెబుతోంది. వారానికోసారి బీపీ మాత్రం చూసి మాతా శిశు సంరక్షణ కార్డులో రాసింది: 138/88, తర్వాత 144/94. రెండో అంకె రోజే పంపాల్సింది. కానీ ఆ అంకె దాటితే పంపమని ఎవరూ ఆమెకు రాసివ్వలేదు.

రెండోసారి

32 వారాలు నిండిన రోజు వచ్చింది, డిశ్చార్జి అయిన పదహారో రోజు. రెండు వారాల్లో 3 కిలోలు పెరిగింది. ఉంగరం బిగిసి రావడం లేదు. బీపీ పెద్ద కఫ్‌తో 154/102. తలనొప్పి లేదు, కళ్లు మసకలు లేవు, పొట్ట పైభాగంలో నొప్పి లేదు.

ఇంత మార్పుకు మూత్రంలో ప్రొటీన్ బాగా పెరిగి ఉంటుందనుకుంటాం. 0.28. ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు, ఎస్‌జీపీటీ 38. ఒక్కటీ గీత దాటలేదు, అన్నీ ఒకే వైపు నడుస్తున్నాయి. స్కాన్‌లో 1,480 గ్రాములు, పదో పర్సంటైల్ కిందికి వచ్చేసింది. పొట్ట చుట్టుకొలత ఎక్కువ వెనకబడింది. బొడ్డు ధమనిలో నిరోధం పెరిగింది, డయాస్టోలిక్ ప్రవాహం మాత్రం ఉంది.

ఇక్కడ రెండు దారులు. ఎదుగుదల తగ్గింది కాబట్టి, మిగతావి ఏమైనా, పంపేయడం ఒకటి. మూత్రం గీత దాటేదాకా ఇక్కడే చూడటం రెండోది. మొదటిదే సరైనదని అనిపించినా ఒక చిక్కుంది. బోధనాసుపత్రి 90 కిలోమీటర్ల దూరం, అక్కడ ఎన్ఐసీయూ మంచాలు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. ‘అనుమానం’ అని పంపితే అక్కడి అవుట్ పేషెంట్ వరసలో నిలబడాల్సి వస్తుంది. స్టెరాయిడ్‌కు కూడా అదను చూసుకోవాలి. కాన్పు వారంలోపు జరిగితేనే దానికి పూర్తి ఫలం. తొందరపడి ఇచ్చి కాన్పు మూడు వారాలకు జరిగితే ఆ మోతాదు చాలావరకు వృథా.

స్టెరాయిడ్ ఈ రోజు ఇవ్వాలా, ఈ రోజే పంపాలా: రేషియో రెండోసారి చేయించింది ఈ ప్రశ్నకే. ఈసారి ఎర్ర మూత ట్యూబు, అదే ల్యాబ్, అదే యంత్రం. ఉదయం తీసింది సాయంత్రానికి వచ్చింది. ఎస్-ఫ్లిట్-1: 11,770. పీఎల్‌జీఎఫ్: 55. రేషియో 214.

ఏది పనిచేసింది

డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు కండకు, పన్నెండు గంటలకొకటి, నాలుగు మోతాదులు. మొదటిది ఆ సాయంత్రమే పడింది. ఫోన్‌లో బోధనాసుపత్రి డ్యూటీ డాక్టరుకు మూడు మాటలు చెప్పాం: ‘32 వారాలు, ఎదుగుదల తగ్గింది, రేషియో 214’. ‘అనుమానం’ అన్న మాట వాడలేదు. మంచం దొరికింది. 108లో స్టాఫ్ నర్సుతో పంపాం. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఆంప్యూళ్లు, దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ వెంట పెట్టాం గానీ మెగ్నీషియం మొదలుపెట్టలేదు. తలనొప్పి, చూపు మసక, 160/110 బీపీ ఏదీ లేదు. రేషియో ఎక్కువుందని మాత్రమే ఫిట్స్ మందు ఇవ్వడానికి ఆధారం లేదు.

అక్కడికి చేరాక ఒక చర్చ జరిగింది. 214 అంటే ఇంత ఎక్కువ కదా, స్టెరాయిడ్ 48 గంటలు కాగానే సిజేరియన్ చేసేద్దామని ఒక అభిప్రాయం. వద్దనుకున్నారు, మా ఉద్దేశంలో అదే సరి. రేషియో 38 దాటినవాళ్లలో నాలుగు వారాల్లో జబ్బు తేలింది ప్రోగ్నోసిస్‌లో 36.7 శాతం మందికే. 85 దాటితే అనుమానం చాలా బలపడుతుంది. 655 దాటినవాళ్లలో 34 వారాల ముందు రెండు రోజుల్లోనే కాన్పు చేయాల్సి రావడం ఎక్కువని మరో పరిశీలన ఉంది. ఇవన్నీ జాగ్రత్త ఎంత పెంచాలో చెప్పేవి. కాన్పు ఎప్పుడన్నది మాత్రం తల్లి బీపీ, ప్లేట్‌లెట్లు, లివర్, కిడ్నీ, బిడ్డ డాప్లర్ చెప్పాలి. తీవ్ర లక్షణాలు లేకుంటే 37 వారాలు, ఉంటే 34 వారాలు, తల్లీబిడ్డా నిలకడగా లేకపోతే అంతకు ముందే. 32వ వారంలో బిడ్డకు ప్రతి రోజూ విలువైనదే.

రేషియో మళ్లీ మళ్లీ చేయడం కూడా వద్దనుకున్నారు. పారట్-2 అనే ట్రయల్‌లో, అనుమానం ఉన్నవాళ్లందరికీ ఈ తరహా పరీక్షను వరసగా రిపీట్ చేసి ఫలితం డాక్టర్లకు చూపితే బిడ్డల ఫలితాలేమీ మెరుగుపడలేదు. అది 2024లో వచ్చింది. జబ్బు తేలిపోయాక ఆ డబ్బు రోజూ చేసే సీబీపీకి, లివర్ పరీక్షకు పెడితే మేలు. అందుకే మొదటి విడత తప్పును కూడా జాగ్రత్తగా చదవాలి. పరీక్ష వారానికి రిపీట్ చేయలేదన్నది కాదు అక్కడి లోపం. మనిషినే వారానికి చూడలేదు. చూసి ఉంటే 144/94, ఉంగరం బిగియడం కనబడేవి, పరీక్ష అప్పుడు అడిగేవాళ్లం.

చేరిన ఆరో రోజు, 32 వారాల 6 రోజులకు, తెల్లవారుజామున తలనొప్పి, బీపీ 168/112. లాబెటలాల్ నరానికి 20, పది నిమిషాలకు 40 మిల్లీగ్రాములు. బీపీ 148/96కి దిగింది. ఎస్‌జీఓటీ 92, ప్లేట్‌లెట్లు 98 వేలు. ఇక ఆగే పని లేదు.

మెగ్నీషియం ఎలా ఇవ్వాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది గానీ కాదు. ప్రిచర్డ్ పద్ధతిలో నరానికి 4 గ్రాములతో పాటు రెండు పిరుదుల్లో 5 గ్రాముల చొప్పున కండకు ఇస్తాం. 50 శాతం ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లు అంటే ఒక గ్రాము, మొత్తం 14 ఆంప్యూళ్లు. ఫిట్స్ వచ్చిన మనిషిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పంపాలంటే ఇంతకు మించిన పద్ధతి లేదు. కానీ ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడు లోతుగా కండలో సూది పొడిస్తే రక్తం గడ్డకట్టి వాచే భయం. ఇన్‌ఫ్యూజన్ పంపు ఉంది కాబట్టి నరానికే ఇచ్చారు: 8 మిల్లీలీటర్ల మందుకు 12 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి 20 మిల్లీలీటర్లు నెమ్మదిగా, తర్వాత గంటకు ఒక గ్రాము, కాన్పయ్యాక 24 గంటల వరకు. గంటగంటకు మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం కొలత. రిఫ్లెక్స్ పోయినా, శ్వాస నిమిషానికి 12 లోపు పడినా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గినా మందు ఆపాలి. ట్రేలో కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు సిద్ధంగా ఉంచారు.

స్పైనల్ మత్తుతో సిజేరియన్. బిడ్డ 1,450 గ్రాములు, పుట్టగానే ఏడ్చింది. ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే సీపీఏపీ మూడు రోజులు, వెంటిలేటర్ అవసరం పడలేదు. డెక్సామెథసోన్ నాలుగు మోతాదులూ కాన్పుకు నాలుగు రోజుల ముందే పూర్తయ్యాయి. రేషియో వల్ల దొరికింది ఆ వ్యవధే. అది లేకుంటే మొదటి మోతాదు ఆ తెల్లవారుజామునే పడేది, అదీ 90 కిలోమీటర్ల అవతల. మాయ బరువు తక్కువ, అంచుల్లో పాలిపోయిన ఇన్‌ఫార్క్ట్‌లు, అంటే రక్తం అందక చచ్చిన భాగాలు. బిడ్డ కంగారూ మదర్ కేర్‌లో, అంటే తల్లి ఒంటికి ఆనించుకునే పద్ధతిలో, పెరిగి 27వ రోజు ఇంటికెళ్లింది.

నేర్చుకున్నవి

అన్నిటికన్నా ముందు మారింది డిశ్చార్జి కాగితం. ఇప్పుడు ‘లేదు’ అన్న మాట రాయడం లేదు. తేదీ, గర్భవారం, ఎస్-ఫ్లిట్, పీఎల్‌జీఎఫ్, రేషియో, యంత్రం పేరు, దాని కింద: ‘ఈ ఫలితం ఫలానా తేదీ వరకే. ఆ రోజు తప్పక రావాలి. అంతలోపు బీపీ 140/90 ఉన్నా, తలనొప్పి, చూపు మసక, పొట్ట పైన నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం ఏది ఉన్నా పరీక్ష సంగతి చూడకుండా పంపండి.’ ఇది డాక్టరు కోసం కాదు, ఏఎన్ఎం కోసం, ఆ అత్తగారి కోసం. కాగితం తెలుగులోనే ఉంటుంది.

యంత్రం పేరు రాయడానికి వేరే కారణం ఉంది. 38, 85, 110 ఎలెక్సిస్ గీతలు. అమెరికాలో 2023 మేలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన క్రిప్టర్ పద్ధతికి గీత 40. అదీ 23 వారాల నుంచి 34 వారాల 6 రోజుల మధ్య బీపీతో ఆసుపత్రిలో చేరిన వాళ్లకు, రెండు వారాల్లో తీవ్ర ప్రీఎక్లాంప్సియా వస్తుందా అన్న ప్రశ్నకే. ట్రయాజ్‌లో రేషియో ఉండదు, పీఎల్‌జీఎఫ్ 100 లోపు అసాధారణం, 12 లోపు మరీ తీవ్రం. ఆ 100 గీతను ఎలెక్సిస్‌లో వచ్చిన 115 పక్కన పెట్టి ‘నార్మల్’ అనుకోకూడదు. ఇంకో గందరగోళం డబుల్ మార్కర్‌తో (బిడ్డలో జన్యు లోపాల అంచనాకు చేసే రక్తపరీక్షతో) కలిపి మొదటి మూడు నెలల్లో ఇచ్చే పీఎల్‌జీఎఫ్ రిపోర్టు. అది ఎంఓఎంలో, అంటే ఆ వారపు మధ్యస్థ విలువకు ఎన్ని రెట్లో, ఉంటుంది. 0.8 ఎంఓఎం చూసి ‘పీఎల్‌జీఎఫ్ సున్నా పాయింట్ ఎనిమిదా!’ అని హడలిపోయిన రిఫరల్ చీటీలు వస్తూనే ఉంటాయి. కవలల్లో మాయ పెద్దది కాబట్టి ఎస్-ఫ్లిట్ ముందే ఎక్కువ, వాళ్లకు ఈ గీతలు సరిపోవు.

అందరికీ ఈ పరీక్ష అక్కర్లేదు. బీపీ 160/110, ప్రొటీన్ మూడు ప్లస్‌లు ఉన్నప్పుడు రక్తం ల్యాబ్‌కు పంపి కూర్చోవడం ప్రమాదం. జబ్బు ఎదురుగానే ఉంది. గీతల మధ్య ఊగిసలాడే వాళ్లకు ఇది పనికొస్తుంది: పాత బీపీ, కిడ్నీ జబ్బు, లూపస్, ఇంకా బీపీ లేకుండానే ఎదుగుదల తగ్గిన బిడ్డ. కఫ్ సరిగా ఉండి, మొదటి లెక్కలు రాసి ఉంటే ఆ ఊగిసలాట కేసుల్లో కొన్ని పరీక్ష అవసరం లేకుండానే తేలిపోతాయి. ఈమె చేతికి సరిపడే కఫ్ సబ్‌సెంటర్‌లో అప్పటికి లేదు, తర్వాత వచ్చింది.

కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ మళ్లీ పెరిగే కాలం. ఈమెకు నాలుగో రోజు 158/104 చూపింది. ఎనాలప్రిల్ అనే బీపీ మందు 5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టారు, పాలిచ్చే తల్లి వాడొచ్చు. గర్భంలో మాత్రం వాడకూడదు కాబట్టి ఇంటికెళ్లే ముందే కాపర్-టీ వేశారు. పన్నెండు వారాలకు బీపీ మందు మీద 134/86, మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ 0.10. మళ్లీ నెల తప్పితే ఎనాలప్రిల్ అదే రోజు ఆపి లాబెటలాల్‌కు మారాలని, 12వ వారానికల్లా ఆస్పిరిన్ మొదలవ్వాలని కార్డు వెనక ఎర్ర ఇంకుతో రాసి ఉంది.